ఎడమ చేతి తాయెత్తు

ఎనభై ఆరు వేసవిలో మా అమ్మ ఎడమ చెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు. సూది మందు వల్లేనని మా వీధి వాళ్ళంతా అన్నారు. కాదని సర్కారు వాళ్ళు కాయితం మీద రాశారు. నన్నడిగితే ఇంకోటి చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

మాచర్లలో మాది పరుపులు కుట్టే ఇల్లు. నాన్న దూది ఏకేవాడు. ఆ దుమ్ముకే రొమ్ము పట్టేసి ఆయన మంచం మీద కూర్చుంటే అమ్మ విల్లు అందుకుంది. ఆడమనిషి విల్లు పట్టడమేందని మా వాళ్ళే నవ్వారు. నాన్న నవ్వలేదు. దగ్గుకుంటూ దర్గాకు పోయి రాగి తాయెత్తొకటి తెచ్చి, నల్లదారంతో అమ్మ ఎడమ జబ్బకు కట్టాడు. ఏకే విల్లు మనిషంత పొడుగుంటుంది. ఎడమ చేత్తో దాన్ని దూది మీద పట్టి, కుడి చేత్తో కొయ్య పుచ్చుకుని నారి మీద కొట్టాలి. కొట్టే చెయ్యే కష్టపడుతున్నట్టు చూసేవాళ్ళకు కనిపిస్తుంది గానీ, బరువంతా పట్టుకున్న చేతిదే.

“ఇది ఉన్నన్నాళ్ళు నీ చెయ్యి నిన్ను వదిలిపెట్టదు జైనాబూ, తియ్యబాక” అన్నాడు నాన్న. ఆ ఏడే పోయాడు. తర్వాత ఆరేళ్ళు అమ్మ ఏకింది, నేను కుట్టాను. మా ఇంట్లో మేమిద్దరమే.

వేసవి మాకు గిరాకీ కాలం. వానలు పడేలోగా ఊళ్ళో పాత పరుపులన్నీ విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, మళ్ళీ కుట్టివ్వాలి. అట్లాంటి రోజుల్లో, మార్చి చివర్లో, మా పేటలో ఇద్దరికి కలరా తగిలిందని అందరికీ సూది మందు వెయ్యడానికి వచ్చారు. మసీదు పక్కన అరుగు మీద హన్నమ్మక్క కూర్చుంది. చర్చి వీధిలో ఉండే నర్సు. జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, ఈ ఏడు అవుతుందని రెండేళ్ళ నుంచీ చెబుతూ ఉండేది.

అమ్మ వంతు వచ్చింది. హన్నమ్మక్క దూదితో జబ్బ తుడవబోయి ఆగింది.

“పిన్నమ్మా, ఈ తాయెత్తు తియ్యి. సరిగ్గా సూది పడే చోటే ఉంది.”

“తియ్యను.”

“రెండు నిమిషాలు. మళ్ళీ కట్టుకుందువు గాని.”

“నీళ్ళు పోసుకునేప్పుడు కూడా తియ్యలా. ఇప్పుడెందుకు తీస్తా?”

“పోనీ కుడి చేతికి వేస్తా.”

“కుడి చేత్తోగా కొట్టేది. రేపు అది వాచిందంటే ఇంట్లో పరుపులన్నీ నువ్వొచ్చి ఏకుతావా?”

వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇంట్లో సగం కుట్టిన పరుపుకు సూది గుచ్చి వచ్చాను, మధ్యాహ్నానికి పరుపు తాలూకు వాళ్ళు బండి తీసుకుని వస్తారు. నాకు ముందు నుంచీ ఓపిక తక్కువ. ఇద్దరి మీదా విసుగొచ్చింది.

“పైన అంత చోటుందిగా అక్కా. తాయెత్తు పైన వేసెయ్. ఎక్కడ పొడిచినా లోపలికి పోయేదేగా” అన్నాను.

“అంత పైన వెయ్యకూడదే.”

“అబ్బా, కానీ అక్కా, జనం ఉన్నారు” అంటూ నేనే అమ్మ జాకెట్టు మెడ దగ్గర పట్టి పక్కకు లాగాను. భుజం మొన బయటికొచ్చింది. హన్నమ్మక్క ఒకసారి నా మొహం చూసి, వరస చూసి, పొడిచింది. అమ్మ సూదికి ఉలిక్కిపడే మనిషి కాదు. పరుపులు కుట్టే సూది వేలికి దిగినా చప్పరించి ఊరుకునేది. ఆ రోజు మాత్రం “అమ్మో” అని భుజం పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది.

వీధిలో అందరికీ చేతులు నొప్పెట్టాయి. మూడో రోజుకు అందరివీ తగ్గిపోయాయి, అమ్మది తగ్గలేదు. ఉప్పు కాపడం పెట్టాను, పచ్చడబ్బా నొప్పుల మందు రాశాను. వారం తిరిగాక ఆమె విల్లు తీయబోతే అది చేతిలోంచి జారి నారి తెగింది. మర్నాటి నుంచి ఆమె జడ నేనే వేశాను, జాకెట్టు నేనే తొడిగాను. జడ వేయించుకుంటూ అమ్మ, “చిన్నప్పుడు నీకు నేను వేస్తే ఊరికే గోల చేసేదానివి” అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఏప్రిల్లో నరసరావుపేట తీసుకుపోయాను. ఎముకల డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని పైకి ఎత్తబోయాడు. అమ్మ పళ్ళు బిగించింది. సూది ఎక్కడ వేశారో చూపించమన్నాడు. చూపించింది.

“ఇంత పైన ఎవరమ్మా వేసింది? ఇక్కడ కండ లేదు, కీలు ఉంటుంది. మందు కీల్లోకి పోయినట్టుంది, అందుకే బిగిసిపోయింది.”

అమ్మ నా వైపు చూడలేదు. “సర్కారోళ్ళు సార్” అని ఒక్క మాట అంది.

గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడ మీద పాకుతూ చెయ్యి పైకి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. రోజూ రెండుపూటలా చెయ్యాలి, వస్తే వస్తుంది అన్నాడు. ఇంటికొచ్చాక వంటింటి గోడ దగ్గర అమ్మను నిలబెట్టేదాన్ని. వేళ్ళు ఆగిన చోట బొగ్గుతో గీత గీసేదాన్ని. మొదటి గీత ఆమె గడ్డానికి సమంగా పడింది. పది రోజుల తర్వాత కూడా అక్కడే పడింది. మే నెల వచ్చేసరికి ఒకే చోట గీసి గీసి అక్కడ నల్లటి మరక తయారైంది. ఇంక గీయడం మానేశాను, అమ్మ మాత్రం పాకడం మానలేదు.

కొత్త నారి బిగించి విల్లు నేను పట్టాను. నాకు ఆ పని రాదు. నేను ఏకిన దూది గడ్డలు గడ్డలుగా ఉండేది. రెండు పరుపులు వెనక్కి వచ్చాయి. ఒకామె మా గుమ్మంలోనే నిలబడి, “జైనాబ్ బీ ఏకితే తీసుకుంటాంగానీ, నీ చేతిదైతే వద్దే అమ్మాయ్” అంది. ఆమె తప్పేం లేదు. గడ్డల మీద పడుకోమని ఎవరికి చెబుతాం?

ఇంకా ఇవ్వాల్సిన పరుపుల్లో ఒకటి ప్లీడరు పున్నారావు గారిది. ఆయన ఇల్లు మాచర్లలోనే, పని గురజాల కోర్టులో. వాళ్ళమ్మ పడుకునే పరుపు ఎప్పుడిస్తారని అడగడానికి వచ్చి, దూదిలో కూర్చుని అవస్థ పడుతున్న నన్నూ, గోడ దగ్గర నిలబడి పాకుతున్న అమ్మనూ చూశాడు. ఏమైందని అడిగాడు. చెప్పాను, సగం. ఆయన ఇంక పరుపు మాట ఎత్తలేదు.

“దీనికి చట్టముందమ్మా. వాళ్ళ మనిషి తప్పు చేస్తే సర్కారే నష్టపరిహారం ఇవ్వాల. ముందు నోటీసు ఇద్దాం. రెండు నెలలు టైముంటది, ఆలోగా వాళ్ళు విచారణ పెడతారు. నర్సుదే తప్పని వాళ్ళ కాయితంలో వాళ్ళే రాసుకున్నారంటే మనం సగం గెలిచినట్టే.”

“హన్నమ్మ ఉద్యోగం పోదా బాబూ?” అంది అమ్మ.

“ఎందుకు పోద్ది? ఇచ్చేది సర్కారు, ఆమె కాదుగా. మహా అయితే ఓ మాటంటారు, అంతే.”

ఆయన రాసుకుంటూ అన్నీ అడిగాడు. తాయెత్తు సంగతి అమ్మే చెప్పింది, తియ్యమంటే తియ్యలేదని. ఆయన కలం ఆగిపోయింది. ఆ ముక్క కొట్టేసి, “ఇది ఇంకెవరితో అనబాకండి. చెప్పినట్టు వినలేదు, తప్పు మీదేనంటారు” అన్నాడు. పైన వెయ్యమన్నది ఎవరో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అమ్మ వక్కాకు నములుతూ వీధిలోకి చూస్తూ కూర్చుంది.

నోటీసు పోయిన మూడు వారాలకు హన్నమ్మక్క మా ఇంటికొచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

“హసీనా, నా జాకెట్టు గుడ్డ ఇచ్చెయ్. కుట్టబాక.”

“కత్తిరించి పెట్టాను అక్కా, రేపటికల్లా—”

“ముక్కలే ఇవ్వు.”

మిషను మీద నుంచి ఆ ముక్కలు తీసి ఇచ్చాను. తెల్లగుడ్డ, డ్యూటీకి వేసుకునేది. ఆమె వాటిని మడత పెట్టుకుంటూ, లోపల కూర్చున్న అమ్మతో, “విచారణ అయ్యేదాకా నన్ను పనిలోకి రావద్దన్నారు పిన్నమ్మా. పర్మినెంటు లిస్టులో ఉన్న పేరు కూడా పక్కన పెట్టారంట” అంది. గొంతులో కోపం ఉన్నా బాగుండేది. అమ్మ లేవబోయింది. ఆమె లేచేలోగా హన్నమ్మక్క వెళ్ళిపోయింది.

ఆ పూట అమ్మ గోడ దగ్గరకు పోలేదు. “ఆ నోటీసు వెనక్కి తీసుకుందామే” అంది. నేను ఒప్పుకోలేదు. విల్లు మూలన పడి ఉంది, ఊళ్ళో పరుపులు వేరే వాళ్ళ దగ్గరకు పోతున్నాయి, ఈ చెయ్యి రాదు, రేపు మన గతేంటని గట్టిగా అరిచాను. నిజానికి నా భయం అది మాత్రమే కాదు. తప్పు హన్నమ్మక్కదని ఒక అధికారి సంతకం పెట్టి రాస్తే, అది నాది కాకుండా పోతుందని ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. అమ్మ నన్ను కాసేపు చూసి, “సరేలే, నీ ఇష్టం” అంది.

విచారణ జులై మధ్యలో గురజాలలో పెట్టారు. ముందు రోజు ప్లీడరు గారు కబురు చేశాడు. తాయెత్తు తీసేసి రమ్మని.

తెల్లారి అమ్మ నా ముందు కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. ఆరేళ్ళ ముడి బిగిసి గింజలా గట్టిపడిపోయింది. గోళ్ళతో ఎంత ప్రయత్నించినా రాలేదు. చివరికి కత్తెరతో దారం కత్తిరించాను. దాని కింద గాలి తగలని చర్మం, రెండు వేళ్ళ వెడల్పున తెల్లగా ఉంది.

“ఆ రోజే తీసుంటే సరిపోయేది” అంది అమ్మ. తాయెత్తు నా చేతిలోంచి తీసుకుని రొంటిన దోపుకుంది. నేను జాకెట్టు చెయ్యి కిందికి సర్దాను. వానలు సరిగా పడలేదు, బస్సు రెంటచింతల దాటేదాకా కిటికీలోంచి వేడిగాలి కొట్టింది.

గుంటూరు నుంచి వచ్చిన అధికారి పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తిరిగీ తిరగని ఫ్యాను కింద కాయితాలు పెట్టుకుని కూర్చున్నాడు. హన్నమ్మక్క తెల్లచీరలో వచ్చింది. జాకెట్టు పాతది, నేను కుట్టిందే.

“భుజం మీద ఎందుకు వేశావమ్మా? నీకు ట్రైనింగులో చెప్పలేదా?” అని అడిగాడాయన.

“తాయెత్తు అడ్డముంది సార్. తియ్యమని చెప్పాను. తియ్యలా. అప్పుడు పైన వేశాను.”

ప్లీడరు గారు లేచాడు. “తాయెత్తనేది ఇప్పుడు పుట్టించిన మాట సార్. ఈమె చేతికి ఏ తాయెత్తూ లేదు. కావాలంటే చూపిస్తాం.”

“అక్కర్లేదు” అని అధికారి రాసుకోవడం మొదలుపెట్టాడు. రాస్తున్నది పైకి చదువుతున్నాడు. నర్సు చెప్పిన కారణం నమ్మదగినదిగా లేదు, అని.

హన్నమ్మక్క నా వైపు తిరిగింది. “పక్కనే ఉన్నావుగా హసీనా. చెప్పవే.”

నేను నోరు విప్పలేదు. భయపడ్డానని చెబితే అబద్ధం. ఆ గదిలో నన్నెవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. అమ్మ చెయ్యి ఎటూ పోయింది, దానికి బదులు ఏదో ఒకటి దక్కాలని నాకు ఉంది. అది దక్కాలంటే నేను ఊరుకోవాలి. అంత తేలికైన లెక్క. ఫ్యాను చూస్తూ నిలబడ్డాను.

“ఉండేది సార్” అంది అమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు. అమ్మ కుడి చేత్తో తన ఎడమ జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంది. తెల్లటి పట్టీ బయటపడింది.

“ఇక్కడుండేది. పొద్దున తీశాను. ఆ అమ్మాయి రెండుసార్లు తియ్యమని చెప్పింది, నేనే తియ్యలా.”

ప్లీడరు గారు కుర్చీలో కూర్చుని కాయితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సరే. తియ్యకపోతే పోయారు. దాని పైన వెయ్యమన్నది ఎవరు? నర్సు తనంతట తాను వేసిందా?”

హన్నమ్మక్క నోరు తెరిచింది.

“నేనే అన్నాను సార్” అంది అమ్మ.

హన్నమ్మక్క అమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. “అవునా అమ్మా?” అని అధికారి ఆమెను అడిగితే, తల వంచుకుని ఊపింది. నేను అప్పుడైనా మాట్లాడి ఉండొచ్చు. మాట్లాడలేదు.

ఆయన రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి రాశాడు. అమ్మను వేలిముద్ర వెయ్యమన్నాడు, ఎడమ బొటనవేలిది. అమ్మ కుడి చేత్తో ఎడమ చేతిని ముంజేతి దగ్గర పట్టుకుని, ఎత్తి, బల్ల మీద పెట్టింది. ఇంట్లో అన్నం తినేప్పుడు కంచం పక్కన ఆ చేతిని అట్లాగే పెట్టుకునేది, అలవాటైపోయింది. ఆయన ఇంకు డబ్బా పట్టుకుని ఆ చెయ్యి వైపు కాసేపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆమె వేలిని తనే ఇంకులో అద్ది కాయితం మీద ఒత్తించాడు.

బయటికి వచ్చాక ప్లీడరు గారు మమ్మల్ని కోప్పడలేదు. “ఇంకేం లేదమ్మా, అయిపోయింది” అని, రెండడుగులు వేసి ఆగి, “మా అమ్మ పరుపు మాత్రం గడ్డల్లేకుండా చూడండి” అని వెళ్ళిపోయాడు.

సర్కారు కాయితం వినాయక చవితి వెళ్ళాక వచ్చింది. పేషెంటు సహకరించనందువల్ల జరిగినదని, పరిహారానికి వీలు లేదని అందులో ఉంది. హన్నమ్మక్కను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. కాయితంలో ఏముంటుందో విచారణ రోజు బస్సు ఎక్కేసరికే మాకు తెలుసు.

ఆ రోజు మాచర్ల బస్సు నిండిపోయి ఉంది. వెనక ముగ్గురు కూర్చునే సీటొకటి ఖాళీ ఉంటే అమ్మనూ నన్నూ కండక్టరు అక్కడికి తోశాడు. ఆఖర్న ఎక్కిన హన్నమ్మక్కకు మా సీటు తప్ప ఇంకెక్కడా చోటు లేదు. నిలబడే వస్తానన్నట్టు కమ్మీ పట్టుకుంది. అమ్మ జరిగి, కిటికీ పక్కకు నన్ను నెట్టి, మధ్యలో తను కూర్చుని, పక్కన ఖాళీ మీద అరచెయ్యి వేసి తట్టింది. హన్నమ్మక్క కూర్చుంది.

బస్సు రెంటచింతల చేరింది.

“నాదీ తప్పుంది పిన్నమ్మా” అంది హన్నమ్మక్క. “తియ్యకపోతే వెయ్యను పొమ్మనాల్సింది. ఎండ, జనం. విసుగేసింది.”

“అందరికీ విసుగే ఆ పూట” అంది అమ్మ.

అది నాకు తగిలింది. తగలాలని అన్నదో, మామూలుగా అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. కిటికీ వైపు తిరిగాను. నేనే అన్నాను అమ్మా ఆ మాట, అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమెకు తెలియనిదేం కాదు. డాక్టరు గదిలోనే తెలుసు. గురజాల ఆఫీసులోనూ తెలుసు. మూడు నెలల నుంచి తెలిసే నా చేత జడ వేయించుకుంటూ ఉంది.

అమ్మ రొంటి నుంచి తాయెత్తు తీసింది. తెగిన దారంతోనే నా ఒళ్ళో పడేసింది.

“కట్టు.”

దారం పొట్టిదైపోయింది. నా జడకున్న నల్ల రిబ్బను విప్పి తాయెత్తును దానికి ఎక్కించాను. ఆమె ఎడమ జాకెట్టు చెయ్యి పైకి జరపబోయాను.

“దానికొద్దు” అంది అమ్మ. “ఇదిగో, దీనికి కట్టు. పని చేసేది ఇంక ఇదొక్కటేగా.” కుడి చెయ్యి ముందుకు చాపింది.

తాయెత్తు ఎప్పుడూ ఉండే ఎత్తులోనే, జబ్బ మధ్యన పెట్టి ముడి వెయ్యబోయాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

“అక్కడ కాదే. కొంచెం కిందికి. మళ్ళీ సూది మందొస్తే హన్నమ్మకు చోటుండాల.”

హన్నమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తాయెత్తును మోచేతి దగ్గరికి జరిపి, వదులుగా ముడి వేశాను, లాగితే ఊడి వచ్చేటట్టు.